ఊరి పేరు లేని ఊరు

దుక్మ్‌లో పనివాళ్ళ క్యాంపు. శుక్రవారం సాయంత్రం. వాటర్ ట్యాంకర్ డ్రైవరు ఓబయ్య, రాయచోటి దగ్గర పల్లెలో ఉన్న భార్య రాజేశ్వరితో ఫోనులో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టి ఉంది. పక్క మంచం మీద అతని రూమ్మేటు, ఆ ఊరివైపు మనిషే, గులాం నబీ.

“అదంతా వద్దు. ముందు నువ్వు యాడుండావో చెప్పు.”

“యాడుంటా మే? ఒమన్లో. దుక్మ్‌లో. రూమ్‌లో. నబీ మంచం పక్కన.”

“ఆఫ్రికాలో కాదు కదా?”

“ఆఫ్రికా ఏందిమే నడమన?”

“నన్నడుగుతాండావా? నిన్న నీ కూతురు ఫోన్లో ఏదో వంటల వీడియో చూస్తాంటే నడమన ఇంకోటి వచ్చె. ఎవడో ఇంగ్లీషులో ఏడుపు గొంతు పెట్టి చెప్తాండాడు. ఆఫ్రికాలో నీళ్ళు లేవంట, తిండి లేదంట, మనుషులు అల్లాడిపోతాండారంట, సాయం చేయండంట. చూస్తే ఎవరు? ఎండిపోయిన బావి పక్కన కూచోని మా ఆయన!”

“...ఓ. అదా.”

“అదా అంట! అదా అంటాడు చూడు!”

“అది మనూర్లో రాదనిరే! ఫారిన్లోనే వేస్తాం అనిరే!”

“ఫారిన్ అంతా తిరిగి రాయచోటికి వచ్చె. వీధంతా చూసె. మీయమ్మ గుండెలు బాదుకునె. ‘నా కొడుకు మస్కట్ పోతానని చెప్పి ఆఫ్రికాకు పాయెనే, అడవుల పాలాయెనే’ అని. నిన్నటి నుంచి బువ్వ ముట్టలా.”

“అమ్మకు ఫోనియ్యి, నేను చెప్తా.”

“ముందు నాకు చెప్పు.”

“నేను ఫోన్ చేసింది దేనికి, నువ్వు పట్టుకునింది దేన్ని! రేపు పొద్దున ఆఫీసులో సంతకం పెట్టల్ల మే. ఇంకో రెండేండ్లు. సాయిప్రియ నర్సింగు అయ్యేదాంకా ఉంటానంటే నువ్వూ ఊ అంటివి కదా.”

“అంటి. వీడియో చూడకముందు అంటి. ఇప్పుడు మళ్ళా అడుగుతాండా. ఆడ నువ్వు బాగుండావా, లేదా? బాగుంటే సంతకం పెట్టు, నేను అడ్డం రాను. లేదా, బ్యాగు సర్దుకోని వచ్చేయ్. బిడ్డ చదువు ఎట్లో ఒకట్ల అవుతాది.”

“బాగుండా మే. రాయి మాదిరుండా.”

“వీడియో కాల్ పెట్టు. రాయిని చూస్తా.”

“ఈడ నెట్ సరిగా లేదు. గాలికి టవరే ఊగుతాంది.”

“ఆఫ్రికాలో అంత బాగా కనపడితివే, ఒమన్లో కనపడవా?”

“రేయ్ నబీ, నవ్వబాకరా!”

“ఎవరు నవ్వేది? నబీనా? నబీ, నువ్వన్నా చెప్పబ్బా. ఆ వీడియోలో ఈయన పక్కన కూచున్న ఆడామె ఎవరు? ఈయన భుజం మీద తల పెట్టుకోని?”

“భుజం మీద కాదు మే, భుజం పక్కన.”

“నేను ఆపి ఆపి చూసినా.”

“సలాం వదినా. నబీని. ఆమె ఎవరంటే, మా ఓబయ్యన్నకు ఆఫ్రికాలో ఉండే పెండ్లాము.”

“రేయ్!”

“చెప్పమనె కదన్నా, చెప్తాండా. వదినా, ఆమె హఫ్సా మేడం. మా సైట్లో సేఫ్టీ ఆఫీసరు. జాంజిబార్ ఆమె. హెల్మెట్ సరిగా పెట్టుకోలేదని మీ ఆయన్ను అందరి ముందర నిలబెట్టి కడుగుతాది.”

“తిడతాదా?”

“నోరారా.”

“అయితే మంచామే.”

“చూడన్నా, వదిన పార్టీ మార్చేసె!”

“నువ్వుండు నబీ. అంత పెద్ద ఆఫీసరైతే చినిగిపోయిన గుడ్డలు కట్టుకోని బావి కాడ ఏం చేస్తాంది?”

“ఆయమ్మకు మాత్రం ఏం తెలుసు మే. నీళ్ళు పొదుపు చేయమని చెప్పే సినిమా అనిరి. మా పెద్ద మేనేజరు ‘శుక్రవారం సెలవే కదా, మన కంపెనీలో ఆఫ్రికావోళ్ళు ఎవరెవరుండారో రొంత పోయి సాయం చేయండి’ అనె. సరేలే అని పోయిరి. ఆయమ్మ, ఉగాండా నర్సు, సోమాలియా డ్రైవరు, టాంజానియా ఇంజినీరు, ఆయన కొడుకు...”

“నువ్వెప్పుడు ఆఫ్రికావోడివైతివి?”

“నన్ను ట్యాంకరు తోలకరమ్మనిరి. అంతమంది తాగల్ల కదా.”

“నీళ్ళు లేవని తీసే సినిమాకు నీళ్ళ ట్యాంకరా?”

“ఆ బావి వెనకాలే నిలబెట్టింటి. రొంత కెమెరా ఇట్ల తిప్పింటే కనపడేది.”

“అల్లా తోడు వదినా, ఆ బావి కూడా బావి కాదు. నాలుగు రాళ్ళు పేర్చి నడమన డ్రమ్ము పెట్టిరి.”

“బావీ లేదా!”

“ఏమీ లేదు మే. రొంత దూరంలో రోడ్డు, రోడ్డవతల మా క్యాంటీను.”

“మరి నిన్నెందుకు కూచోబెట్టిరి?”

“అదా... నేను ట్యాంకరు దిగి వస్తాంటే ఆ డైరెక్టరు ‘ఈయన, ఈయన’ అని చెయ్యి చూపిచ్చె. నేను ఇండియా సార్ అంటి. పర్వాలేదనె.”

“నలుపు చూసి వదినా! హఫ్సా మేడం పక్కన నిలబెడితే మనోడే ఒక చాయ ఎక్కువ.”

“అది నిజమేలే. మా పెండ్లిలో ఫోటో తీసేటోడు ఈయన కోసమని ఇంకో లైటు తెప్పిచ్చె.”

“ఇద్దరూ ఒకటైతిరి. కానీండి, కానీండి.”

“కాదు, నాకొకటి అర్థం కాలా. ఆఫ్రికా గురించి తీసేటోళ్ళు ఆఫ్రికాకే పోవచ్చు కదా? ఒమన్‌కు ఎందుకొచ్చిరి?”

“హఫ్సా మేడం కూడా అదే అడిగె. ఆడికి పోవాలంటే భయమంట.”

“ఆఫ్రికావోళ్ళను కాపాడేటోళ్ళకే ఆఫ్రికా అంటే భయమా?”

“వాళ్ళు తీసినవి వాళ్ళే చూసి భయపడింటారు మే.”

“చాల్లే. అది సరే, ఆ బిడ్డ సంగతేంది? ఆమె ఒళ్ళో గుడ్డలో చుట్టింది? ఉలుకు లేదు పలుకు లేదు. నాకు ఆ బిడ్డను చూస్తేనే కడుపు తరుక్కుపాయె. నీ కూతురు, నేను ఇద్దరం ఏడిస్తిమి.”

“...నబీ, నువ్వు చెప్పరా.”

“నేను చెప్పనన్నా. నువ్వే చెప్పు.”

“ఏమాయె ఆ బిడ్డకు? బాగుండాదా?”

“అది బిడ్డ కాదు మే.”

“మరి?”

“నా హెల్మెట్టు.”

“...ఏంది?”

“గుడ్డలో చుట్టింది నా హెల్మెట్టే. పచ్చ హెల్మెట్టు.”

“నేను హెల్మెట్టు కోసమా ఏడ్చినది!”

“నేనేం చేస్తా! ఇంజినీరు కొడుకును కూచోబెట్టాలనే చూసిరి. ఆ పిల్లోడు బొద్దుగా, బుగ్గలేసుకోని ఉండాడు. చేతిలో చిప్స్ ప్యాకెట్టు. డైరెక్టరు చూసి ‘వీడు సరిపోడు, వీడు ఆఫ్రికా బిడ్డ మాదిరి లేడు’ అనె. వాళ్ళ నాయన పక్కనే ఉండాడు. ‘మరి ఏ ఊరి బిడ్డ మాదిరుండాడు సార్’ అనె.”

“ఏమనె దానికి?”

“ఏమంటాడు? హెల్మెట్టు తెచ్చుకునె.”

“అయ్యో రామా.”

“ఆ హఫ్సా మేడం ఒకటి, నా ప్రాణం తీసె. హెల్మెట్టును ఒళ్ళో పెట్టుకోని జోకొడతా, పెదాలు కదిలియ్యకుండా హిందీలో గొణుగుతాంది. ‘ఓబయ్యా, చూడు, హెల్మెట్టును ఇట్ల చూసుకోవల్ల. రేపట్నుంచి నువ్వూ ఇట్లనే చూసుకో’ అంటాంది. నాకు నవ్వు ఆగల్యా. ఏం చేయల్ల? తల దించుకోని భుజాలు బిగబట్టుకుంటి. అది చూసి డైరెక్టరు ‘ఆహా, ఎంత దుఃఖం, ఎంత దుఃఖం’ అని చప్పట్లు కొట్టె.”

“అప్పుడేనా నీ భుజాలు ఊగింది? సాయిప్రియ చూసి ‘మ్మా, నాయన వెక్కి వెక్కి ఏడుస్తాండాడు’ అనె కదయ్యా!”

“వెక్కి వెక్కి నవ్వుతాంటి.”

“వదినా, నా డ్యూటీ ఏందో అడగవా?”

“నువ్వు కూడా ఉండావా దాంట్లో?”

“కనపడను. ఈగల డిపార్ట్‌మెంటు నాది.”

“ఈగలేంది?”

“ముఖం మీద ఈగలు వాలల్లంట. అప్పుడే ఆఫ్రికా అంట. ఈ దుక్మ్ గాలికి మనుషులే నిలబడలేరు, ఈగలు నిలుస్తాయా? ఖర్జూరం పాకం తెచ్చి రాళ్ళ మీద, కుండ మీద పూయమనిరి. పూస్తి. ఈగ ఒక్కటి రాలా. యాణ్నుంచి వచ్చెనో ఒక ఒంటె వచ్చె. కుండంతా నాకి, మూతి మీ ఆయన మీద తుడుచుకోని నిలబడె.”

“ఒంటెను కూడా తీసిరా?”

“ల్యా. తరమండి, తరమండి అని అరిచిరి. ఆఫ్రికాలో ఒంటెలుండవంట.”

“ఉండవా?”

“మా సోమాలియా డ్రైవరు నేల మీద కూలబడి నవ్వె వదినా. ‘మా నాయనకు ఉన్నన్ని ఒంటెలు ఈ దుక్మ్ మొత్తంలో లేవు, ఈయనకు ఎవరన్నా చెప్పండిరా’ అని.”

“సరేలే, ఆ ఊరి పేరన్నా చెప్పల్ల కదా సినిమాలో. ఏ ఊరంట అది?”

“అదే మే. హఫ్సా మేడం అదే అడిగె. ‘సార్, నేను ఏ ఊరి ఆడదాన్ని’ అని. ‘ఊరు లేదు, ఆఫ్రికా అంతే’ అనె. ‘ఏ దేశం’ అనె. ‘ఆఫ్రికా’ అనె. ‘ఈమె పేరేంది సార్, ఈమె మొగుడు ఏం పని చేస్తాడు, పోయిన ఏడు ఏం పండిచ్చిరి’ అనె. ‘అవన్నీ అక్కర్లేదు, నువ్వు కెమెరా తట్టు చూసి కండ్లు పెద్దవి చెయ్యి చాలు’ అనె.”

“పేరు లేకుండా ఊరెట్లా ఉంటాది? మన మేకల దొడ్డికి కూడా పేరుండాది.”

“ఆయమ్మకు అప్పుడు కోపం వచ్చె. నవ్వతా నవ్వతానే వచ్చె. ఫోను తీసి వాళ్ళ జేజి ఇల్లు చూపిచ్చె మాకు. నువ్వు చూడల్ల మే. సముద్రం పక్కన మూడంతస్తుల మేడ. తలుపుకు చెక్కడం. పెరట్లో లవంగం చెట్లు. ఆ ముసలామె తొంబై ఏండ్ల మనిషి, కండ్లద్దాలు పెట్టుకోని పేపరు చదువుకుంటాంది. ‘ఇది కూడా ఆఫ్రికానే. దీన్ని ఎవరూ తీయరు’ అనె.”

“నిజంగానా? నేనేమో... ఆఫ్రికా అంటే అడవి, గుడిసెలు, ఆకులు కట్టుకోని ఈటెలు పట్టుకోని...”

“నేనూ అంతే అనుకుంటి. టీవీలో చూసింది అదే కదా. ఒకరోజు ఆయమ్మనే అడిగేస్తి, మీ ఇంటికాడికి సింహాలొస్తాయా అని.”

“అయ్యో! అడిగితివా!”

“ఆయమ్మ ‘వస్తాయి. మంగళవారం మంగళవారం వచ్చి చాయ్ తాగి పోతాయి. మీ ఇంట్లో ఏనుగు ఎన్ని లీటర్ల పాలిస్తాది’ అనె.”

“బాగా పెట్టె! మంచిగా పెట్టె నీకు!”

“వదినా, మమ్మల్ని కూడా అట్లనే కదా అనుకునేది. మా సూపర్‌వైజరు చైతన్యకృష్ణ ఉండాడు, విశాఖపట్నం ఆయన. మేం కొత్తలో వచ్చినప్పుడు ‘ఏ జిల్లా అండి’ అనె. కడప తట్టు అంటిమి. రెండడుగులు వెనక్కేసె! ‘బాంబులు చుట్టడం వచ్చా అండి’ అంటాడు!”

“బాంబులా? ఈయన దీపావళికి చిచ్చుబుడ్డి ముట్టిచ్చాలంటే కూతుర్ని పిలుస్తాడే!”

“ఆ సంగతి ఆయనకు తెలియదులే. నేను, నబీ మీసాలు తిప్పి రొన్నాళ్ళు అట్లనే నడిపిస్తిమి. మాకు ఎండలో డ్యూటీ వేయాలంటే దండం పెట్టి అడిగేటోడు.”

“సినిమా చూసి మనల్ని భయపడేటోడు ఒకడు, సినిమా చూసి వాళ్ళ మీద జాలిపడేదాన్ని నేనొకదాన్ని. సరిపాయె. అయితే ఆఫ్రికాలో కరువే లేదంటావు?”

“లేదనల్యా మే. ఉండేచోట ఉంటాది. మనకు లేదా? మన బోర్లు ఎండిపోయిన ఏడు మనమూ బిందెలు పట్టుకోని నిలబడలా? అయినా ఆ ఏడే కదా మనం గంగమ్మ జాతర చేసింది, నువ్వు పట్టుచీర కట్టింది, నేను కోడిపందెంలో తన్నులు తినింది. బిందెనొక్కటే తీసి ఇదే రాయచోటి అంటే నువ్వు ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను. తన్నులు కూడా తీయల్ల.”

“అద్దీ.”

“వదినా, నేను నమాజుకు పోతాండా. పోతా పోతా ఒక మాట. ఆ రోజు మాకందరికీ వాళ్ళు పెట్టింది ఎండు బ్రెడ్డు. మీ ఆయనకు ఒక్కడికే పిలావు. హఫ్సా మేడం సొంత క్యారియర్! లవంగాలు, దాల్చిన చెక్క, మటన్ ముక్కలు. మేమంతా వాసన పీల్చుకుంటా కూచుంటిమి.”

“రేయ్ నబీ, నమాజుకు టైమైంది, పోరా.”

“పోతాండా, పోతాండా. ఖుదా హాఫిజ్ వదినా. ఇంక మీరు మీరు చూసుకోండి.”

“పోయినాడా?”

“పోయె.”

“క్యారియర్ ఏంది?”

“ఏముంది మే, తెచ్చుకునింటాది. పెట్టె.”

“అంతమందిలో నీకొక్కడికే ఎందుకు పెట్టె?”

“ఏమో. పక్కన కూచోనింటి కదా.”

“ఉగాండా నర్సు కూడా పక్కనే ఉండాది వీడియోలో.”

“అబ్బా, మొగుడు వేషం వేసినోన్ని కదా అని కుశాలకు పెట్టింటాదిలే. నీకు అనుమానమా?”

“ఆమె మీద నాకు అనుమానం లేదు. నిన్ను తిట్టే మనిషి మీద నాకెప్పుడూ అనుమానం రాదు. నాకు నీ మీదనే.”

“నా మీద ఏంది?”

“పొద్దున ఏం తిన్యావు?”

“తిన్యాలే.”

“ఏం తిన్యావు?”

“అదే... ఉండేదే. ఈ గాలి చూడు, రోజురోజుకీ ఎక్కువైతాంది. ట్యాంకరు తోలేటప్పుడు స్టీరింగే...”

“పోయిన నెల వారం దినాలు ఫోన్ చేయలేదు నువ్వు.”

“సైట్లో టవర్ లేదంటి కదా.”

“ఆ వారమంతా నబీ వాళ్ళింటికి రోజూ ఫోన్ వచ్చె.”

“ఎవరు చెప్పిరి?”

“నబీ పెండ్లాము షైస్తా చెప్పె నాకు. ఊరికే మాటల్లో. నేను ఏమీ అనలా.”

“నబీ ఫోను కంపెనీ వేరే మే.”

“ఒక రూమ్‌లో ఉంటారు. టవర్ వచ్చేది ఆ మంచానికేనా? ఈ మంచానికి రాదా? ఒంట్లో బాగలేక పడుకోనుంటివా?”

“రాజీ, సంతకం సంగతి చెప్పు. సాయిప్రియకు ఇంకా రెండేండ్లు...”

“చెప్తా. నువ్వు నన్ను నవ్విచ్చినావు. బాగా నవ్విచ్చినావు. ఒంటె, ఈగలు, హెల్మెట్టు, అన్నీ బాగుండాయి. నువ్వు చెప్పిందంతా నమ్మినా. ఆ బావి అబద్ధం, ఆ బిడ్డ అబద్ధం, ఆ ఊరే అబద్ధం.”

“ఇంకేంది మరి. అమ్మకు కూడా అదే చెప్పు. బువ్వ తినమను.”

“నేను ఆ వీడియో మళ్ళా మళ్ళా చూసినా. హఫ్సా ముఖానికి దుమ్ము పూసినట్ల తెలుస్తాంది, చెవుల కాడ పూయను మర్చిపోయిరి. ఆ డ్రైవరుకు కండ్ల కింద మసి పెట్టింది చెమటకు కారతాంది. నీ ముఖం మీదనే ఏమీ తెలియలా. ఆ దవడలు, ఆ గొంతు ఎముక, కండ్ల కింద ఆ గుంటలు... ఎంత చూసినా తెలియలా నాకు. ఏం పూసిరి నీకు?”

“అమ్మకు ఫోనియ్యి మే.”

“చెప్పు. బాగా పూసిరి, గంటసేపు పూసిరి అని చెప్పు. చెప్తే రేపు సంతకం పెట్టు, నేను ఇంక ఏమీ అడగను.”

“రాజీ...”

“ఊఁ.”

“నువ్వు అడిగితివి కదా, ఆయమ్మ నాకొక్కడికే అన్నం ఎందుకు పెట్టిందని.”

“అడిగితి.”

“వాళ్ళందరికీ పూసి పూసి, నాకాడికి వచ్చేసరికి ఆ డైరెక్టరు మేకప్ పిల్లను ఆపె మే. ‘ఈయనకేమీ పూయొద్దు, ఇట్లనే ఉండనీ’ అనె.”